బుచ్చిబాబు టచప్ చేసిన పూలు

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల సందు మొదట్లో, రెండు జిరాక్స్ షాపుల మధ్య ఇరుక్కుని బుచ్చిబాబు ఫొటో స్టూడియో ఉంటుంది. లోపల ఒక స్టూలు, ఒక తెల్ల తెర, అద్దం, దువ్వెన, పౌడరు డబ్బా. ఇంటర్వ్యూలకి వెళ్లే కుర్రాళ్ల కోసం మేకుకి తగిలించిన నల్లకోటు ఒకటి. ఆ ఒక్క కోటులో ఎంతమంది ఉద్యోగస్థులయ్యారో దేవుడికే తెలియాలి. బుచ్చిబాబుది భీమవరం వైపు. ఊరు వదిలి ముప్ఫై రెండేళ్లయినా మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

మనిషి మంచివాడు. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక మీదట చెప్పబోయేదంతా ఆయన చేసిన తప్పు గురించే.

ఆయన పనితనం ఫొటో తీయడంలో కాదు, తీశాక కంప్యూటర్ ముందు కూర్చోవడంలో ఉంది. దాన్ని టచప్ అంటారు. మొటిమ తీసేయడం, కళ్ల కింద నలుపు తగ్గించడం, ఒక భుజం దిగిపోతే రెండోదానితో సమానం చేయడం. ఎవరూ అడగక్కర్లేదు. అడిగించుకోవడం ఆయనకి నామోషీ. టచప్ లేకుండా ఫొటో చేతిలో పెడితే ఎంగిలి గ్లాసులో మంచినీళ్లిచ్చినట్టు బాధపడతాడు. పని అయిపోగానే అసలు ఫొటోని చెరిపేస్తాడు. పరాయివాళ్ల మొటిమల్ని తన దగ్గర దాచుకోవడం మర్యాద కాదని ఆయన పద్ధతి.

పోయిన ఏడాది జూన్‌లో రాగసుధ అనే ఆవిడ వీసా ఫొటో కోసం వచ్చింది. శ్రీనగర్ కాలనీలో ఉంటుంది, కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. అలమారలో దుమ్ము పట్టిన పాత డిజిటల్ కెమెరాని చూసి అడిగింది:

"బుచ్చిబాబు గారూ, ఇది వాడట్లేదా? దీంతో మన కంటికి కనపడనిది చూడొచ్చు, తెలుసా?"

పూల మీద అతినీలలోహిత కాంతిలో మాత్రమే కనిపించే గుర్తులుంటాయట. తేనెటీగలు వాటిని చూసి దారి పట్టుకుంటాయట. నగరంలో ముప్ఫై మంది మామూలు మనుషులు పిచ్చిమొక్కల పూలని ఆ కాంతిలో ఫొటోలు తీసి పంపిస్తుంటే, ఆవిడ విద్యార్థులు ఆ గుర్తుల్ని కొలుస్తున్నారట. రోడ్డు పక్క దుమ్ములో పెరిగిన పూలకీ పార్కులో నీళ్లు తాగి పెరిగిన పూలకీ తేడా ఉందా అన్నది వాళ్ల ప్రశ్న. బుచ్చిబాబుకి సగమే అర్థమైంది. కానీ ఒక చదువుకున్న మనిషి తన కెమెరాని చూసి ఏదైనా అడిగి చాలా ఏళ్లయింది. సరేనన్నాడు.

కెమెరాని పంజాగుట్ట తీసుకెళ్లాడు. అక్కడొక కాంప్లెక్స్ సెల్లారులో గులాం మొహియుద్దీన్ కెమెరాలు బాగు చేస్తాడు. ఇద్దరిదీ పాతికేళ్ల స్నేహం.

"లోపల గీ గాజుబిళ్ల ఉంది చూడు భాయ్, ఇదే ఆ కాంతిని ఆపుతది," అన్నాడు మొహియుద్దీన్, కెమెరా పొట్ట విప్పి. "తీసి పారేస్తా. ఫికర్ జెయ్యకు."

లెన్సు ముందు పెట్టుకోవడానికి ఒక నల్ల ఫిల్టరు రాగసుధే ఇచ్చింది. యూసుఫ్‌గూడలో రోడ్డు పక్కనే గోడ కూలిన ఖాళీ ప్లాటు ఒకటుంది. దాన్నిండా తుత్తురు బెండ అనే పిచ్చిమొక్క. ఆ పూలు మధ్యాహ్నం దాటాక విచ్చుకుంటాయి. మూడింటికి స్టూడియో షట్టర్ సగం దించి వెళ్లాడు. ఎక్కడ చూసినా ఒకే రకం పసుపు, చూడ్డానికేమీ లేదు. స్టాండు మీద కెమెరా పెట్టి నొక్కాడు. వెనక తెర మీద పువ్వు తేలింది. రేకుల అంచులు తెల్లగా వెలుగుతున్నాయి, నడిమధ్యలో పెద్ద నల్లటి వలయం. తల తిప్పి మొక్కని చూస్తే మళ్లీ వట్టి పసుపు. ఆయన అక్కడే ఇటుకల కుప్ప మీద కూర్చుండిపోయాడు. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇన్నాళ్లూ ఇది పక్కనే ఉందా అనుకున్నాడు. ఆ సాయంత్రం భార్య కమలకుమారికి చెబుతుంటే మాట తడబడింది.

ఫొటోలు పంపేవాళ్లందరికీ రాగసుధ ఒక కాగితం ఇచ్చింది, ఎనిమిది నియమాలతో. పువ్వు పక్కన కుళాయిలకి చుట్టే తెల్ల టేపు ముక్క పెట్టాలి, వెలుగుని దానితో పోల్చుకోవడానికి. తేదీ, చోటు రాయాలి. అయిదోది: ఫొటోలో ఏ మార్పూ చేయరాదు. బుచ్చిబాబు కళ్లజోడు పెట్టుకుని అన్నీ చదివి కింద సంతకం చేశాడు. చేసిన సంతకానికి కట్టుబడ్డాడు కూడా. రంగు వేయలేదు, వెనకదృశ్యం మార్చలేదు, టేపు ముక్కని కత్తిరించలేదు. ఆ తర్వాత హాయిగా కూర్చుని టచప్ చేశాడు.

నవ్వకండి. ఆయన భాషలో టచప్ అంటే మార్పు కాదు. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం లాంటిది, ప్రత్యేకంగా చేశానని ఎవరూ చెప్పుకోరు. పురుగు కొరికిన చోటు పూడ్చాడు. దుమ్ము చుక్కలు తీసేశాడు. ఒక రేకులో నలుపు సన్నగా ఉంటే పక్క రేకు నుంచి తెచ్చి నింపాడు, అయిదూ ఒక్కలా ఉండేట్టు. పంపాక అసలువన్నీ చెరిపేశాడు. ఆ సీజన్‌లో అలా రెండు వందల పదకొండు పూలు.

రాగసుధ వాట్సాప్ గ్రూపులో "ఫొటో అంటే ఇలా ఉండాలి" అని పెట్టేది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఆయన్ని సార్ అనడం మొదలెట్టారు. స్టూడియో షట్టర్ దించి పూల కోసం వెళ్లే రోజులు పెరిగాయి.

జనవరిలో ఒక ఆదివారం ఉదయం శ్రీనగర్ కాలనీ కమ్యూనిటీ హాల్లో అందరినీ పిలిచారు. బుచ్చిబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడు. యశస్విని అనే ఎమ్మెస్సీ అమ్మాయి లేచి మైకు పట్టుకుంది. వాళ్లది సనత్‌నగర్, తండ్రి వర్క్‌షాపులో లేత్ పని చేస్తాడు. ఏడాదిగా ఈ పూలనే కొలుస్తోంది.

"పార్కు పూలల్ల నలుపు ఒక్కో రేకుకి ఒక్కోతీరుగ ఉంది," అంది. "రోడ్డు పక్క పూలల్ల మాత్రం అయిదు రేకులూ సమానం. చుక్కలు సుత లేవు. మేం ఇట్లొస్తదని అస్సలు అనుకోలేదు. నా ప్రాజెక్టు మొత్తం ఇప్పుడు దీని మీదనే ఉంది. మూడు వారాలల్ల సబ్మిషన్. రోడ్డు పక్క ఫొటోలు దాదాపు అన్నీ బుచ్చిబాబు అంకుల్ తీసినవే."

చప్పట్లు కొట్టారు. ఆయనా కొట్టబోయి ఆగాడు. గోడంత తెర మీద తన పువ్వు ఉంది. పై రేకు నలుపులో చిన్న నొక్కు. పక్క రేకులోనూ అదే చోట అదే నొక్కు. ఆ నొక్కుని అక్కడ పెట్టింది దేవుడు కాదు, తనే. రోడ్డు పక్క పూలు సమానంగా ఉన్నాయని ఈ పిల్ల లోకానికి చెప్పబోతోంది. సమానం చేసింది తను.

లేచి చెప్పాల్సింది అప్పుడే. లేచాడు కూడా. కానీ రాగసుధ శాలువా పట్టుకుని ఎదురొచ్చింది. కప్పింది. ఆయన చేతులు జోడించాడు, ఫొటోకి నిలబడ్డాడు, నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఆయనకి ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది.

ఎనిమిది రోజులు నోరు విప్పలేదు. యూసుఫ్‌గూడ ప్లాటుకి వెళ్లి చూశాడు, మళ్లీ తీసి పంపుదామని. అక్కడ జేసీబీ పునాది గుంట తవ్వేసింది, ఒక్క మొక్క లేదు. తొమ్మిదో రోజు పంజాగుట్ట సెల్లారుకి వెళ్లి మొహియుద్దీన్‌తో మొత్తం చెప్పాడు.

"ఒరిజినల్స్?"

"చెరిపేశాను భాయ్. కెమెరా కార్డుల్లోంచి ఏమన్నా బతికించగలవేమో చూడు."

మొహియుద్దీన్ రెండు కార్డులూ పెట్టి చూశాడు. వాటి మీద తర్వాత తీసిన పాస్‌పోర్టు మొహాలు పేరుకుపోయాయి. "కుచ్ నహీ. పోయి చెప్పు వాళ్లకి."

"ఏమని చెప్పను భాయ్? ఆ అమ్మాయి మొహం ఎలా చూడను? పోనీ ఇన్ని పూల్లో ఆ తేడా ఎవరు పట్టించుకుంటారులే..."

మొహియుద్దీన్ స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "బుచ్చిబాబు భాయ్, నువ్వు నాకు చెప్పనీకి రాలే. నేను వాళ్లకి చెప్పొద్దు అంటనేమో అని వచ్చినవ్. నేననను. ఆ పొల్ల పేరు మీద అబద్ధం అచ్చయితది, ఎరుకేనా?"

అది నిజం కాబట్టి బుచ్చిబాబుకి కోపం రావడానికి కూడా వీల్లేకపోయింది. చాయ్ తాగకుండానే లేచాడు.

మర్నాడు కాలేజీ లాబ్‌లో రాగసుధ ఎదుట నిలబడి చెప్పాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. యశస్విని పక్క బల్ల దగ్గర నుంచి వింటోంది. అంతా విన్నాక రాగసుధ ఒకే ప్రశ్న వేసింది.

"అయిదో నియమం చదివారా అండీ?"

"చదివాను మేడమ్. సంతకం కూడా పెట్టాను."

ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని, క్లాసుందని బయటికి వెళ్లిపోయింది. తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది.

యశస్విని కుర్చీ లాగి కంప్యూటర్ ముందు వేసింది. "కూర్చోండి అంకుల్. టచ్ చేయనివి ఏవో చెప్పండి. అవన్న మిగుల్తయి."

ఒక్కో పువ్వూ తెర మీదికి వచ్చింది. ఇది? తెలీదమ్మా. ఇది? ఇదీ తెలీదు. రెండు మూడింటిలో తన చెయ్యి గుర్తుపట్టాడు, మిగతా వాటిలో ఎక్కడ పువ్వు ఆగి ఎక్కడ తను మొదలయ్యాడో ఆయనకే అంతుపట్టలేదు. అంత శుభ్రంగా చేశాడు. ముప్ఫై రెండేళ్లుగా గర్వపడింది ఆ శుభ్రతకే. నలభయ్యో పువ్వు దగ్గర ఆ అమ్మాయి మౌసు వదిలేసింది. "ఆపుదాం అంకుల్," అంది. రోడ్డు పక్క పూలన్నీ తీసేయాలి. వచ్చే వానలకి కొత్తవి దొరికేదాకా ప్రాజెక్టు ఆగిపోవాలి. దీని తర్వాత చేరాలనుకున్న ఉద్యోగం కూడా ఆగుతుందని ఆమె చెప్పలేదు, రాగసుధ తర్వాత చెప్పింది.

ఆమె కళ్లు తుడుచుకుని రిపోర్టు తెరిచింది. ఫొటోలు ఎందుకు తీసేశారో రాయాల్సిన చోట రాసింది: సాంకేతిక కారణాల వల్ల 211 ఫొటోలు తొలగించాం. బుచ్చిబాబు పక్క నుంచి చదివాడు. తన పేరు లేదు. గుండె మీది బరువు కాస్త తేలికైంది. తేలికైనందుకు వెంటనే సిగ్గేసింది.

"థ్యాంక్స్ పేజీల మీ పేరు అట్లనే ఉంచుతున్న," అంది ఆమె, ఆయన వైపు చూడకుండా. "మీరే వచ్చి చెప్పిన్రు గదా."

జనం మొహాలకి తను ఇన్నేళ్లు చేసిన పనే ఈ పిల్ల ఇప్పుడు తనకి చేసి పెడుతోంది, అడగకుండానే, మర్యాదగా.

"అలా కాదమ్మా. ఏం జరిగిందో రాయి. బుచ్చిబాబు అనేవాడు వద్దన్నా టచప్ చేశాడని రాయి."

"అందరు చదువుతరు అంకుల్."

"చదవనీ."

ఆమె ఒక క్షణం ఆయన మొహంలోకి చూసింది. "ఇంటిపేరు?"

"కొప్పర్తి."

బుచ్చిబాబు తల వంచుకుని కూర్చున్నాడు. కీబోర్డు చప్పుడు ఆగాక ఆమె తెరని ఆయన వైపు తిప్పింది. కళ్లజోడు సర్దుకుని చదివాడు. పేరు, చేసిన పని, ఎన్ని ఫొటోలు, అన్నీ ఉన్నాయి. చదువుతుంటే ఆయన కుడిచెయ్యి తనంతట తానే మౌసు వైపు కదిలింది. దాన్ని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.