కంప్యూటర్లకు ఇంటిపేరు

ఆ రోజుల్లో కంప్యూటరు మొరాయిస్తే ముందుగా దాని ఎదుట నిలబడ్డవాడినే అనుమానించేవారు. కాబట్టి నా గురించి ప్రచారంలో ఉన్న కథలో రుజువైనదేదో, వినికిడి ఏదో మొదటే విడదీయడం మంచిది. రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్లలో, ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసిన నేను బెజవాడ పటమటలోని ఒక కంప్యూటరు శిక్షణ కేంద్రంలో ల్యాబు బాధ్యతలు చూసిన మాట నిజం. పరీక్ష రోజున అక్కడి యంత్రాలన్నీ వాటంతట అవే ఆరిపోతూ వెలుగుతూ ఉన్న మాటా నిజం. పొగ వచ్చిందన్నది అబద్ధం. నేను ఏడ్చానన్నది నిర్ధారణ కాలేదు (బెజవాడ ఎండల్లో ముఖం మీది తడి కన్నీరో చెమటో తేల్చే పరికరం ల్యాబులో లేదు).

యంత్రాలన్నింటినీ ఒకే డిస్కు నకలుతో నింపడం వల్ల అన్నింటికీ ఒకే పేరు వచ్చింది. ఒకే పేరున్నవి ఒకే నెట్‌వర్కులో ఇమడవు. ఒక్కొక్కదాని దగ్గరా కూర్చుని పేరు మార్చే ఓపిక లేక నేనొక స్క్రిప్టు, అంటే యంత్రం తనంతట తానే పాటించే ఆదేశాల చిట్టా, రాసి సర్వరులో పెట్టాను. ఏ యంత్రం ఆన్ చేసినా అది ఆ స్క్రిప్టును తెచ్చుకుంటుంది. తన పేరు ఉండవలసిన పేరు కాకపోతే మార్చుకుని, ఒకసారి ఆరి మళ్లీ మొదలవుతుంది. ఒకదాని మీద పరీక్షించాను, చక్కగా పనిచేసింది. అప్పుడే పెద్దాయన వచ్చి తెర మీది పేర్ల జాబితా చూశారు. ఉయ్యూరు దగ్గర చెరకు పండిస్తూ ఈ కేంద్రం పెట్టిన మా యజమానిని అందరం అలాగే పిలిచేవాళ్లం.

"ల్యాబు ఒకటి, ల్యాబు రెండు... ఇవేం పేర్లయ్యా? ఇంటిపేరేదీ?"

"కంప్యూటర్లకు ఇంటిపేరు ఉండదండీ."

"మనింట్లో ఉన్నవాటికి మన ఇంటిపేరు కాక ఎవరిది ఉంటుంది? ముందు ఇంటిపేరు, తరవాత నంబరు. అదీ పద్ధతి."

వైర్లు చూసే భాయ్ నవ్వు ఆపుకుంటూ, "పెట్టెయ్యండి సార్, రేషన్ కార్డు కూడా రాయిద్దాం" అన్నాడు. నేను పెట్టేశాను.

మర్నాడు ఉదయం ప్రాక్టికల్ పరీక్ష. అది ఆగితే నేను తట్టా బుట్టా సర్దుకోవచ్చని పెద్దాయన ముందే సెలవిచ్చారు. అది నా మొదటి ఉద్యోగం. చల్లపల్లిలో మా నాన్న ఆ సంగతి బస్సు కండక్టర్లకు సైతం చెప్పి ఉన్నారు. పిల్లలు కూర్చున్నారు, యంత్రాలు వెలిగాయి, కాసేపటికి అన్నీ ఆరాయి. మళ్లీ వెలిగాయి, మళ్లీ ఆరాయి. ముందు వరుసలోని అమ్మాయి "సార్, ఇది బతికే ఉందాండీ?" అని అడిగింది. గదినిండా యంత్రాల్లోని ఫ్యాన్ల రొద ఒక్కసారిగా లేవడం, ఒక్కసారిగా అణగడం, ఆ మధ్య నిశ్శబ్దంలో మెట్ల మీద పరీక్షాధికారి గారి చెప్పుల చప్పుడు. డిస్కులన్నీ కాలిపోయాయనీ, వాటి ఖరీదు నా జీవితకాలపు జీతానికి సమానమనీ నా మనసు లెక్క తేల్చింది (తరవాత సరిచూస్తే ఆ లెక్క తప్పు).

భయంలోనూ చదువు ఒక్కటే గుర్తొచ్చింది: ఒకసారి ఒక్క అంశమే మార్చి చూడాలి. ఒక యంత్రం నెట్‌వర్కు వైరు పీకాను. అది వెలిగింది. ఆరలేదు.

"భాయ్, వైర్లన్నీ పీకెయ్!"

"నిన్న రాత్రేగా సార్ బిగించాను!" అని సణుగుతూనే పీకేశాడు. పరీక్షాధికారి గారు గడప దాటేసరికి యంత్రాలన్నీ బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి. పరీక్ష జరిగింది.

పిల్లలు రాస్తుండగా ఒక తెర చూశాక కారణం బోధపడింది. కంప్యూటరు పేరులో పదిహేను అక్షరాలకు మించి పట్టవు. పెద్దాయన ఇంటిపేరు ఒక్కటే ఆ చోటంతా ఆక్రమించి, నంబరును బయటికి నెట్టేసింది. పెట్టిన పేరూ ఉండవలసిన పేరూ ఎన్నటికీ కలవవు గనుక, వైరు పీకి సర్వరు నుంచి విడదీసేదాకా స్క్రిప్టు పేరు మారుస్తూ, యంత్రాన్ని ఆర్పి వెలిగిస్తూనే పోయింది. పైగా అన్నీ తిరిగి ఒకే పేరుతో మిగిలాయి.

ఈ సంగతి పెద్దాయనకు ఎలా విన్నవించాలా అని వాక్యాలు కూర్చుకుంటూ ఆయన గది గుమ్మంలో నిలబడ్డాను. నేను నోరు తెరవకముందే ఆయన తలెత్తకుండా, "వాటికి ఇంటిపేరు తీసెయ్యవయ్యా. పెళ్లి చేసి పంపించేశామనుకుందాం" అన్నారు.

ఆయనకెలా తెలిసింది? ఆ ఘడియ దాకా నేనెవరికీ చెప్పలేదు, భాయ్ కూడా తాను చెప్పలేదనే అంటాడు, ఆయన మౌసు పట్టుకోగా చూసినవారు లేరు. అప్పట్లో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ధైర్యం వచ్చేసరికి ఆయన లేరు. నన్ను కాపాడాలనే అన్నారని అనుకోవడం నాకెంతో ఇష్టం. కానీ ఇష్టం రుజువు కాదు గనుక, ఆ ప్రశ్నను అలాగే ఉంచుతున్నాను.