మిషన్ మీద వేసిన నింద

మీకొక్కరికే చెబుతున్నాను. శాలువా కప్పించుకున్న ఈ భుజాల మీదే ఇన్నేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను.

అల్లూరు దగ్గర మత్స్యకార పల్లెలో ఆరోగ్య కేంద్రం నర్సును. పేషెంటును ట్యాబు ముందు కూర్చోబెట్టి నేను బీపీ చూసి చెబితే, నెల్లూరు నుంచి డాక్టరు గారు వీడియోలో వైద్యం చెబుతారు. కాల్స్ తగ్గితే పైవాళ్లు ఊరుకోరు. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజున, అదే పట్టుబడి రోజున, ఆడవాళ్లంతా చెరువుల దగ్గరే ఉంటారు, కేంద్రానికి ఎవరొస్తారు? అలాంటి ఒక రోజు, ఏడో నెల గర్భిణి కావేరికి ఫోన్ చేశాను. డాక్టరుకు కాల్ కలపాలంటే పేషెంటు ఫోనుకొచ్చే ఓటీపీ కావాలి.

"చెరువు కాడ ఉండానక్కా. ఓటీపీ చెప్తా, డాక్టరుకు నువ్వే చెప్పెయ్" అంది.

చెప్పేశాను. సిగ్నల్ లేదని కెమెరా ఆపి, కావేరి పక్కనే ఉన్నట్టు, బీపీ నార్మల్ అని. అందరూ చేసే పనే. అలా అనుకుంటే తప్పు చిన్నదవుతుందా?

నెల తిరక్కుండానే కావేరి వచ్చింది. కాళ్లు వాచాయి, కళ్లు మసకబారాయి, తల పగిలిపోతోందంటోంది. బీపీ చూస్తే చాలా ఎక్కువుంది. కాల్ చేశాను. డాక్టరు గారు పాత రికార్డు తీశారు.

"మొన్న నార్మలే కదమ్మా. ఇప్పుడు చూడటంలో తేడా వచ్చిందేమో?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఉద్యోగం గుర్తొచ్చి మింగేశాను.

"ఇప్పటిదే కరెక్టు సార్. అప్పుడు బీపీ మిషన్ సరిగా పనిచెయ్యలా."

ఆయన నమ్మారు. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఆయన తెర మీద చూస్తూ చెబుతుంటే, ఫిట్స్ రాకుండా ఇంజెక్షన్ నేనే చేశాను. అంబులెన్సులో దారి పొడవునా బీపీ చెబుతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నారు. మేం నెల్లూరులో దిగేసరికి ఆపరేషన్ థియేటర్ సిద్ధంగా ఉంది. తల్లీ, నెలలు నిండని ఆ బిడ్డా, ఇద్దరూ బతికారు. గెలిచాం. ఆ గెలుపులో నా చేతులు కూడా ఉన్నాయి, కాదనను. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతూ రోజూ మా గుమ్మం ముందు ఆగి "పెద్దమ్మా" అని కేకేసి పోతుంది. ఆ పిలుపు వింటే నాకు గర్వమే. దాని వెనకే ఇంకో ఆలోచన వస్తుంది. ఆ పట్టుబడి రోజున నిజంగా చూసి ఉంటే, జబ్బు ముందే దొరికేదేమో, ఆ తల్లికి ప్రాణం మీదికి వచ్చేది కాదేమో.

ఆ కాల్ వీడియో ఇప్పుడు నర్సింగ్ విద్యార్థులకు పాఠం. మొన్న నన్ను వాళ్ల కాలేజీకి పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. సరిగ్గా నా అబద్ధం దగ్గర వీడియో ఆపి, "చూశారా, మిషన్లను ఎప్పటికప్పుడు పరీక్షించుకోవాలి" అన్నారు పాఠం చెప్పే మేడం. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. నాకు శాలువా కప్పి చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నమస్కారం పెట్టాను.

కావేరికి ఇంకా చెప్పలేదు. చెప్పగలనో లేదో తెలియదు. మీతో అన్నాక మాత్రం ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.

పాత మిషన్ పారేయమన్నారు. పారేయలేదు, బీరువాలో దాచాను. అప్పుడప్పుడు బ్యాటరీలు మార్చి, నా చేతికే కట్టి చూసుకుంటాను. దానిలో ఏ లోపమూ లేదు. అప్పుడూ లేదు. ఆ రోజు నేను దాన్ని పెట్టెలోంచి బయటికే తీయలేదు.