ముందు వరసలో అడిగే ప్రశ్న

నా చిన్నప్పుడు మా ఎర్రమంజిల్ క్వార్టర్లలో పెళ్లికాని ఆడపిల్ల ఒక్కతే అమీర్‌పేట వెళ్లడానికి వీల్లేదు. పక్కన ఒక చిన్నపిల్ల ఉంటే మాత్రం వెళ్లవచ్చు. పదేళ్ల పిల్ల వెంట నడిస్తే ఏ ఆపద ఎలా తప్పుతుందని పెద్దవాళ్లు అనుకున్నారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. మా పక్కింటి అక్కకు అలా తోడు వెళ్లే పిల్లను నేను. జీతం ఒక గ్లాసు చెరుకురసం. అందులో ఐసు ఎంత వేయించుకోవాలన్నది నా ఇష్టం.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం, వాళ్లది మెదక్ వైపు. రెండిళ్లకూ మధ్య ఒకే గోడ. మా నాన్నగారూ అక్క వాళ్ల నాన్నగారూ ఒకే ఆఫీసులో పనిచేసేవారు. ఆయన రాబోయే వేసవిలో రిటైర్ కావాలి. రిటైరైతే క్వార్టరు ఖాళీ చేయాలి, ఖాళీ చేస్తే ఊరికి పోవాలి. అక్క బీకాం మంచి మార్కులతో పాసై ఇంట్లో కూర్చుంది. ఆలోపు ఆమెకు ఉద్యోగం దొరికితే పంజగుట్టలో ఓ రెండు గదులు తీసుకుని అందరూ ఇక్కడే ఉండిపోవచ్చని ఇంట్లో అనుకున్నారు. దొరక్కపోతే సామానుతో పాటు అక్క చదువు కూడా లారీ ఎక్కుతుంది. ఆ ఊళ్లో బీకాం చదివిన ఆడపిల్లకు చేయడానికి పనేముంది? "ఎండలు ముదిరేలోపల నౌకరి రావాలె పిల్లా, లేకుంటే నా కథ ఒడిసినట్టే" అని నాతో నవ్వుతూనే చెప్పేది. పెద్దవాళ్లతో అంటే కంగారుపడతారు కాబట్టి నాతో చెప్పుకునేదేమో.

ఆ రోజుల్లో ఎవరి నోట విన్నా కంప్యూటర్ ఉద్యోగాల మాటే. అమెరికా వాళ్లకు పనిచేసిపెట్టే మనుషులు చాలడం లేదట. హైదరాబాదులో ఎన్ని కంపెనీలు తెరిచినా కుర్చీలు ఖాళీగానే ఉంటున్నాయట. ఈ 'అట'లన్నీ అమీర్‌పేటలోనే పుట్టేవి. అక్కడ భవనాలకు గోడలు కనిపించేవి కావు, బోర్డులే కనిపించేవి. బస్సు దిగి నాలుగడుగులు వేసేలోపు చేతినిండా కరపత్రాలు పడేవి. పంచేవాళ్లు నా ఎత్తు కూడా చూడకుండా నా చేతిలోనూ పెట్టేవారు. నెలకో కోర్సు పేరు మారేది. కూరగాయల బండి దగ్గర ఈరోజు ఏవి బాగున్నాయని అడిగినట్టు, టీ కొట్టు దగ్గర కుర్రాళ్లు "ఇప్పుడు ఏది నడుస్తున్నది భాయ్" అని ఒకరినొకరు అడిగేవారు. ఎవరో ఒక పేరు చెప్పేవారు. అందరూ అటు నడిచేవారు.

అమీర్‌పేటలో డెమో క్లాసు అని ఒక మర్యాద ఉంది. ఏ కోర్సుకైనా మొదటి మూడు రోజులు ఊరికే కూర్చోవచ్చు. నచ్చితే నాలుగో రోజు ఫీజు కట్టాలి, నచ్చకపోతే లేచిపోవచ్చు. ఆ మూడు రోజులూ పెళ్లివారికి చేసే మర్యాదే. కూలర్ తిరిగేది. సారు ఒక్కొక్కరినీ మీది ఏ ఊరని అడిగేవారు, జోకులేసి నవ్వించేవారు. ఫీజు కట్టినవాళ్ల గదిలో కూలర్ తిరగదని మాకు తర్వాత తెలిసింది.

ఫీజు కట్టే స్తోమత అక్క వాళ్లకు లేదు. అందుకని ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. ఒకచోట మూడు రోజులు, ఇంకోచోట మూడు రోజులు, ఇలా ఇన్‌స్టిట్యూట్లన్నీ తిరిగి డెమోలు వింటూ పోతే చివరికి కోర్సు మొత్తం వచ్చేస్తుందనుకుంది. తెలివైన ఆలోచనే. కాకపోతే ప్రతివాళ్లూ మొదటి పాఠంతోనే మొదలుపెడతారన్న సంగతి మా ఇద్దరికీ చాలాకాలం తట్టలేదు. ఆ ఏడాది అమీర్‌పేట మొత్తంలో మొదటి పాఠం మా అంత బాగా వచ్చినవాళ్లు ఇంకెవరూ ఉండి ఉండరు. రెండో పాఠం ఎలా ఉంటుందో మాత్రం మాకు తెలియదు.

చివరికి ఒక ఇన్‌స్టిట్యూటులో దొరికిపోయాం. మూడో అంతస్తులో రెండు గదులున్న చోటు అది. సారు కృష్ణా జిల్లా మనిషి, ఎప్పుడు చూసినా నలగని చొక్కాతో ఉండేవారు. "ఏంటమ్మా, మళ్లీ మా డెమోకే వచ్చావు" అని ఆయన అడగగానే నేను అక్క చున్నీ గట్టిగా పట్టుకున్నాను. ఆయన తిట్టలేదు. కూర్చోబెట్టి ఒక బేరం చెప్పారు. ప్రతి కొత్త బ్యాచి డెమోకూ అక్క రావాలి, ముందు వరసలో కొత్తగా చేరబోయే అమ్మాయిలా కూర్చోవాలి. మొదటిసారి వచ్చినప్పుడు తను అడిగిన ప్రశ్ననే ప్రతిసారీ లేచి అడగాలి. అందుకు బదులుగా పొద్దుటి పూట జరిగే అసలు క్లాసులో ఫీజు లేకుండా కూర్చోవచ్చు. ఆయన నావైపు కూడా ఒకసారి చూసి, ఈ పాపను కూడా తీసుకురామ్మా, చూసేవాళ్లకు నమ్మకంగా ఉంటుంది అన్నారు.

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ అక్క గొంతులోనే వినిపిస్తుంది. "సార్, బీకాం చదివినోళ్లకు సుత ఈ నౌకరి వస్తదా?" మొదటిసారి అడిగినప్పుడు అది ఆమె మనసులోని ప్రశ్నే. సారు సుద్దముక్క తీసుకుని బోర్డు మీద కింద ఏళ్లూ, పక్కన ఉద్యోగాలూ రాసి ఒక గీత గీసేవారు. ఆ గీత పైకి పోయి పోయి బోర్డు అంచు దాటి గోడ ఎక్కేది. ఇన్ని ఉద్యోగాలు వస్తున్నప్పుడు నువ్వు చదివింది బీకామా బీఏనా అని ఎవరు చూస్తారమ్మా అనేవారు. గదిలో కూర్చున్నవాళ్ల ముఖాలు ఒక్కసారి తేలికపడేవి. నాకు ఆ క్షణం ఎంతో ఇష్టంగా ఉండేది. అక్క కూడా ఆ జవాబును ప్రతిసారీ కొత్తగా వింటున్నట్టే వినేది. అందులో నటన ఏమీ లేదు. ఆ మాట మళ్లీ మళ్లీ వినడం ఆమెకు అవసరం.

చదువు మాత్రం నిజంగానే చదివింది. అసలు క్లాసులో ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురు కూర్చునేవారు. కీబోర్డు అక్క దాకా వచ్చేసరికి టైమైపోయేది. అందుకని ఇంట్లో ఒక అట్ట మీద కీబోర్డు బొమ్మ గీసుకుని దానిమీద వేళ్లు ఆడించేది. నేను ఎదురుగా కూర్చుని తప్పులు పట్టేదాన్ని, తప్పు ఏదో నాకు తెలియకపోయినా. శివరాత్రి వెళ్లేసరికి కోర్సు పూర్తయింది. క్లాసులో అందరికంటే బాగా వచ్చింది ఈ అమ్మాయికేనని సారే అన్నారు. అక్క వాళ్ల అమ్మ ఆ వారమంతా పంజగుట్టలో అద్దె ఇళ్ల గురించి మా అమ్మను అడుగుతూనే ఉంది.

బేగంపేటలో ఒక కంపెనీ మనుషుల్ని తీసుకుంటోందని క్లాసులో ఎవరో చెప్పారు. వాళ్లమ్మ మంచి చీర అడిగి తీసుకుని అక్క కట్టుకుంది, తోడు కోసం నన్ను బడి మాన్పించింది. అద్దాల భవనం, లోపల చల్లగా ఉంది. ముందు గదిలో కూర్చున్న అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. అక్క ఇచ్చిన కాగితాలు తీసుకుంది, పై పేజీ చూసింది, తిరిగి ఇచ్చేసింది. ఇంజనీరింగ్ వాళ్లవీ ఎంసీఏ వాళ్లవీ తప్ప మిగతావాళ్లవి తీసుకోవడం లేదంది. తనకు పని వచ్చు, కావాలంటే పరీక్ష పెట్టి చూడమని అక్క బతిమాలింది. "మా దగ్గరే కాదండీ, ఎక్కడికి వెళ్లినా ఇదే రూలు. మీకెవరూ చెప్పలేదా?" అంది ఆ అమ్మాయి. జాలిపడే అంది. మాకు మంచినీళ్లు కూడా తెప్పించింది.

బయటికి వచ్చాక అక్క ఏడుస్తుందని భయపడ్డాను. ఏడవలేదు. ఎండలో చాలాసేపు నడిచాం. ఎక్కడో ఒక మెట్టు మీద కూర్చున్నాం, మళ్లీ నడిచాం. సాయంత్రం కొత్త బ్యాచి డెమో ఉంది. ఇంటికి వెళ్లి ఏం చెప్పాలో తెలియక అక్కడికే వెళ్లాం.

గది కిక్కిరిసి ఉంది. కూలర్ తిరుగుతోంది. సారు కొంతసేపు చెప్పి, అలవాటు ప్రకారం అక్క వైపు చూశారు. అక్క లేచి, చేతిలోని కాగితాలు సర్దుకుంటూ నిలబడింది. సారు కళ్లతోనే కానివ్వమన్నారు. అక్క అడిగింది. ఎప్పుడూ అడిగే మాటలే, కానీ తల ఎత్తకుండా అడిగింది. వెనక కూర్చున్నవాళ్లు పాపం బిడియపడుతోంది అనుకున్నారు. సారు గీత గీశారు, అది గోడ ఎక్కింది. ఎవరు చూస్తారమ్మా అన్నారు. నాకు ఆయన మీద పట్టలేనంత కోపం వచ్చింది. కానీ ఆయన ముఖంలో కపటం ఎంత వెతికినా కనిపించలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. గీసి గీసి ఆ గీతను ఆయన కూడా నమ్మేశారేమో.

క్లాసు వదిలాక మెట్ల మీద ఒక పెద్దాయన మాకోసం ఆగి ఉన్నాడు, పక్కన కూతురు. నిజామాబాద్ వైపు ఊరట, పొద్దుటి బస్సుకు వచ్చారట. ఆ అమ్మాయిదీ బీకామే. అక్క మాట తీరు విని తమ దిక్కు పిల్లేనని ఆయనకు ధైర్యం వచ్చింది. "బిడ్డా, నువ్వు చేరుతున్నవా? నువ్వు చేరితే మా పిల్లను సుత చేర్పిస్త" అన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ చొక్కా లోపలి జేబు మీద నుంచి చేయి తీయలేదు.

అక్క ఒకసారి పైకి చూసింది. సారు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నారు. అక్క గొంతు తగ్గించి అంతా చెప్పేసింది. "చేర్పియ్యకు కాకా. నేను కొత్తగ చేరేటిదాన్ని కాదు, సారు అడుగుమంటే అడుగుత. ఈ కోర్సు మొత్తం చదివిన. ఇయ్యాల పొద్దుగాల నౌకరి కోసం పోతే బీకామని నా కాయితాలు వాపసిచ్చిండ్రు. పైసలు ఖరాబు చేస్కోకు."

ఆయన అక్కను తేరిపార చూశాడు. మంచిది బిడ్డా అని కూతురిని తీసుకుని దిగిపోయాడు. మేము వెనకే దిగుతున్నాం. మెట్ల మలుపు దగ్గర ఆయన కూతురితో అంటున్న మాట మా ఇద్దరికీ స్పష్టంగా వినిపించింది. "మన దిక్కు పిల్లనే, గని బుద్ధి సూడు. మనం వస్తే తనకు పోటీ అయితమని వద్దంటున్నది. గింత గట్టిగ వద్దంటున్నదంటే నౌకర్లు మస్తుగ ఉన్నట్టే."

మర్నాడు డెమో రెండో రోజుకు మేము వెళ్లేసరికి ఆ అమ్మాయి ముందు వరసలో, అక్క కూర్చునే చోట కూర్చుని ఉంది. నాలుగో రోజు దాకా ఆగకుండా ఫీజు కట్టేశారట. అంతటితో ఆగక, ఆ పెద్దాయన మెట్ల మీద జరిగిందంతా సారుతో చెప్పాడు. సారు అక్కను గుమ్మం దగ్గరే ఆపి, ఇక రానక్కర్లేదమ్మా అన్నారు. కేకలేసినా బాగుండేది. ఆ అమ్మాయి తల తిప్పి అక్కను చూసింది. తాను గెలిచినట్టు చూసింది పాపం.

తిరిగి నడుస్తుంటే పంజగుట్ట దగ్గర నేను అడిగాను, నమ్మనివాళ్లకు ఎందుకు చెప్పావక్కా అని. "అడిగిండ్రు గద పిల్లా" అంది.

వేసవిలో లారీ వచ్చింది. మా అమ్మ దారిలో తినమని పులిహోర కట్టిచ్చింది. అక్క ముందు సీట్లో వాళ్లమ్మ పక్కన ఒదిగి కూర్చుంది. ఉత్తరం రాస్తానంది, రాయలేదు. నేను చాలా రోజులు పోస్టుమ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడ్డాను. ఆమె ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఆ నిజామాబాద్ అమ్మాయి సంగతీ తెలియదు, తెలియకపోయినా ఊహించుకోగలను.

నేను ఇంజనీరింగ్ చదివాను. బేగంపేటలో ఆ మాట విన్న పిల్లకు ఇంకోటి చదవాలంటే భయమేసింది, అంతే. తలకు రంగు వేసుకోవడం మొదలుపెట్టి కూడా చాలాకాలమైంది. మా కంపెనీలో కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసే పని నాది కాబట్టి, చుట్టాలూ తెలిసినవాళ్లూ పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తుంటారు. ఇప్పుడు ఏది నడుస్తోంది అని అడుగుతారు. కోర్సుల పేర్లు ఎన్నోసార్లు మారాయి, అడిగే తీరు మాత్రం మారలేదు. ఒక పని పేరు అమీర్‌పేట బోర్డు మీదికి ఎక్కేసరికి ఆ కుర్చీల్లో అప్పటికే మనుషులు కూర్చుని ఉంటారు. ఈమధ్య కంపెనీలు ఆ కూర్చున్నవాళ్లనే లేవమంటున్నాయి. నేను చూసిందే కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను, ఈ కోర్సు వద్దంటాను. వాళ్లు కాఫీ తాగుతూ శ్రద్ధగా వింటారు. వింటూ వింటూ తల్లీ బిడ్డా ఒకరినొకరు ఓ చూపు చూసుకుంటారు. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. తన ఉద్యోగం తనకుంది, ఇంకొకరు బాగుపడితే ఓర్వలేక వద్దంటోంది అని దాని అర్థం. పోయిన వారం వచ్చిన పిల్ల అయితే నిన్న ఆ కోర్సులోనే చేరానని స్వీట్లు తెచ్చింది. తీసుకున్నాను, మరేం చేస్తాను.

వద్దన్న మాట ఎవరినీ ఆపదని ఆ మెట్ల మీద అక్క పక్కన నిలబడి తెలుసుకున్నాను. అడిగినవాళ్లకు ఆ మాట చెప్పకుండా ఉండలేని జబ్బు కూడా నాకు ఆమె దగ్గరే అంటుకుంది. ఇన్నేళ్లలో చాలామందికి చెప్పాను. ఒక్కరూ వినలేదు.