గౌరి గాలిపటానికి బొట్లు

"గాలమ్మా గాలమ్మా, గట్టు దిగి రావమ్మా,
చేటలోన తవుడుంది, చెంగు పట్టి..."

చెంగు పట్టి ఏటో! మరిచిపోయాను. మా తెలుగువాళ్ళు వలస వచ్చిన ఈ దేశంలో మా అమ్మ పజుండౌంగ్ వాగు పక్క బియ్యం మిల్లులో పనిచేసేది. తూర్పారబడుతుంటే గాలి పడిపోయినప్పుడల్లా ఈ పాట ఎత్తుకునేది. పాడితే గాలి వచ్చేదా అంటే, ఒక్కోసారి వచ్చేది. మొన్న నేను టాక్సీలో కూర్చుని అదే పాట పాడాను. గాలి వచ్చింది. వచ్చి నా పరువు ఎలా తీసిందో వినండి, నవ్వుకుందురు గాని.

మా మనవరాలు గౌరి సముద్రం ఒడ్డున ఒక హోటల్లో రిసెప్షన్ లో ఉండేది. అక్కడికి వచ్చే విదేశీ మేష్టారు ఒకాయన దానికి కైట్ సర్ఫింగ్ నేర్పాడు. కాళ్ళకి బోర్డు, నడుముకి తాళ్ళు, ఆ తాళ్ళ చివర మా ముందు గదంత గాలిపటం. గాలి లాగుతుంటే నీళ్ళ మీద పరుగే పరుగు! మొదటిసారి వీడియో చూసి, "ఓలమ్మో, పిల్లని గాలి ఎత్తుకుపోతోంది" అని ఏడ్చాను.

తరవాత సైన్యం గద్దె ఎక్కింది, దాని మీద ఊరంతా లేచింది. పిల్లలు వీధుల్లోకి వెళ్ళారు. ముసలివాళ్ళం సాయంత్రాలు కిటికీల దగ్గర గిన్నెలు వాయించాం. నా ఇడ్లీ గిన్నెకి పడిన సొట్ట ఇంకా ఉంది. ఆ తరవాత తుపాకులు వచ్చాయి. హోటల్ మూశారు. మేష్టారు తన దేశం వెళ్ళిపోతూ గాలిపటం గౌరి చేతిలో పెట్టాడు. విమానాలు ఆగాయి, నెట్ ఆగింది, ఇంట్లో గౌరి మాటా ఆగింది. ఉలుకూ పలుకూ లేని పిల్లని పక్కన పెట్టుకుని అన్నం తినడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది.

మొన్న అదే వచ్చి అంది. "నాయినమ్మా, ఒక్కసారి ఎగరేసి వచ్చేస్తాను. అదే ఆఖరు. తరవాత దాన్ని కోసి వానకి కిటికీ పరదా కుట్టుకో."

ఏడుస్తూ అంటే ఇంత భయం వేసేది కాదు. కూరలో ఉప్పు చాలు అన్నట్టు అంది.

మా కింద ఇంట్లో ఉండే టాక్సీ కో మిన్ తీసుకెళ్తానన్నాడు. "అఫ్వా కూడా రావాలి. ముందు సీట్లో పెద్దావిడ ఉంటే చెక్ పోస్టులో ఎక్కువ గుచ్చి అడగరు" అన్నాడు. అఫ్వా అంటే ఈ దేశం వాళ్ళ భాషలో అమ్మమ్మ. అంటే నేను మనిషిని కాదు, పాసుని! సరే, పాసునే.

తెల్లారకుండా లేచాను. కొత్త బండి కొంటే పూజ చెయ్యమా? పిల్లని మోసే దానికి చెయ్యొద్దా? గాలిపటం సంచి దేవుడి ముందు పెట్టి, జిప్పు తీసి, మడతల మీద పసుపు రాసి, కుంకం పెట్టి, అక్షింతలు వేశాను. అగరొత్తి వెలిగించాను. దాన్ని గుచ్చడానికి అరటిపండు కావాలి. పళ్ళన్నీ దారికని బుట్టలో అడుగున సర్దేశాను. ఎవరు తీస్తారు మళ్ళీ? గాలిపటం మడతల సందులోనే గుచ్చి టీ పెట్టడానికి వెళ్ళాను.

సంచి మీద నిప్పు బొమ్మ, దాని మీద అడ్డగీత ఉన్నాయి. కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. నాకు తెలుగు అక్షరాలే అరవై దాటాక వచ్చాయి, గౌరిని గుళ్ళో క్లాసుకి తీసుకెళ్ళి వెనక కూర్చుంటే. ఇంగ్లీషు నాకెక్కడిది? బొమ్మ చూసి, దీనికీ నిప్పుకీ ఏదో సంబంధం ఉంది, పూజ సరైనదే అనుకున్నాను. తిరిగి వచ్చేసరికి అగరొత్తి బూడిదైంది. కళ్ళకి అద్దుకుని జిప్పు వేసేశాను.

గాలి ఎక్కడుందో ఇదివరకు ఫోనే చెప్పేది. ఇప్పుడు మేమే వెతుక్కోవాలి. వంతెన దాటి తన్లిన్ వెళ్ళాం. ఏటి ఒడ్డున జెండాలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. చౌక్తాన్ వెళ్ళాం. అక్కడ మఠంలో ఆరేసిన బట్టలు కొంచెం కదిలాయి. "చాలదు" అంది గౌరి. ఇంకా కిందికి, సముద్రం వైపు పోదామన్నాడు కో మిన్. దారిలో చెక్ పోస్టు.

సిపాయి నడివయసువాడు. తుపాకీ గొట్టంతో సంచిని పొడిచి, "ఏటిది?" అన్నాడు.

"గుడి సామాను" అన్నాడు కో మిన్.

"విప్పండి."

కారు దిగాం. జిప్పు తీశాం. పసుపు, కుంకం, గుప్పుమని అగరొత్తి వాసన! సిపాయి ఒక అడుగు వెనక్కి వేశాడు. "ఏ దేవుడిది, అఫ్వా?"

"గాలి దేవుడిది, నాయనా." అబద్ధమేటి?

అతను తుపాకీ భుజానికి తగిలించుకుని దణ్ణం పెట్టాడు. "మూసెయ్యండి, మూసెయ్యండి. వెళ్ళండి."

కారు కదిలాక గౌరి వెనక సీట్లోంచి వంగి నా భుజం మీద తల పెట్టింది. "నీ పూజే కాపాడింది నాయినమ్మా!"

కాని నేను జిప్పు మూస్తున్నప్పుడు కుంకం పక్కన మిరియపు గింజంత నల్ల మచ్చ చూశాను. మచ్చ కాదు, చిల్లి.

చెప్తే కారు తిప్పేస్తారు. చెప్పకపోతే? ఒక్క చిల్లే కదా, దేవుడు చూసుకోడా? కో మిన్ అరటిపండు ఇస్తే ఆ పండు మొహం చూడలేకపోయాను. దిక్కుతోచక అమ్మ పాట మొదలుపెట్టాను. "అఫ్వా హుషారుగా ఉంది" అన్నాడు వాడు!

జాలర్ల పల్లె దగ్గర కారు దిగీ దిగగానే నా చీర కొంగు లేచి నెత్తిన పడింది. గాలి! గౌరి మొహంలోకి రక్తం వచ్చింది. పరుగున వెళ్ళి గాలిపటం పరిచింది, దాని అంచు గొట్టాల్లోకి పంపుతో గాలి కొట్టింది, ఎత్తి ఎండకి పట్టింది.

ఇసక మీద చుక్కలు పడ్డాయి. ఒకటి కాదు, వరసగా, అటూ ఇటూ సమానంగా, ముగ్గుకి పెట్టినట్టు వెలుగు చుక్కలు. మడతల మీద కాలిన చిల్లి మడత మడతకీ దిగింది మరి!

"నాయినమ్మా. ఏటిది?"

"అరటిపండ్లు అడుగున ఉండిపోయాయే..." అన్నాను. ఇంకేం చెప్పను?

అది ఇసకలో కూలబడింది. "గొట్టాలకి తగల్లేదు. గుడ్డకే. కాని దీనికి వేరే టేపు ఉంటుంది. బయట నుంచి రావాలి. ఇప్పుడేదొస్తోంది?" మళ్ళీ అదే గొంతు, ఉప్పు చాలు గొంతు.

నా సంచి వెతికాను. జండూబామ్, తువ్వాలు, జపమాల, స్టిక్కర్ బొట్ల పాకెట్టు. పాకెట్టు తీసి దాని ఒళ్ళో పెట్టాను. ఏటనుకుని పెట్టానో నాకే తెలీదు.

గౌరి బొట్లని చూసింది. నన్ను చూసింది. పొట్ట దగ్గర మొదలైంది నవ్వు! ఇసకలో దొర్లింది. నేనూ నవ్వాను, కళ్ళ నీళ్ళతో. ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి చిల్లికీ అటొకటి ఇటొకటి అతికించాం. మిగిలింది కో మిన్ తన నుదుటికి పెట్టుకున్నాడు.

ఎర్ర బొట్లతో గాలిపటం పేరంటానికి వెళ్ళే ముత్తైదువలా పైకి లేచింది. జాలర్లు వలలు వదిలి నిలబడ్డారు. గౌరి అంత దూరం పోయింది, తిరిగింది, మళ్ళీ పోయింది. దానిని ఆపి సంచి విప్పమనేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. నేను నీళ్ళలో చీలమండల దాకా నిలబడి, ఈ పిల్ల ఇన్నాళ్ళూ ఇంత గాలిని లోపల ఎక్కడ దాచుకుందో అని చూస్తూ ఉండిపోయాను.

తడిసి ముద్దై వచ్చింది. సగం బొట్లు సముద్రంలో రాలిపోయాయి, ఒకటి దాని చెంపకి అంటుకుంది. తీద్దామని చెయ్యి చాపి, భయపడుతూనే అడిగాను. "మరి కిటికీ పరదా ఎప్పుడు కోస్తావే?"

అది గాలిపటం మడతపెడుతూ తలెత్తకుండా అంది. "పరదాకి వేరే గుడ్డ చూసుకో. వచ్చేసారి నువ్వు పూజ చేస్తుంటే అరటిపండు నేను పట్టుకుంటాను, నాయినమ్మా."