అట్టకు అంటుకుపోయిన రూలు

గోరువెచ్చని నీళ్లలో అట్టను గంటసేపు నానబెట్టి, దానికి అంటించిన కాగితాన్ని ఊడదీశాం. కోదాడలో నా మిత్రుడి ఇంటి వరండాలో. కాగితం చేతికి వచ్చింది. వెనకపక్క అచ్చు మాత్రం మైదా జిగురులో కలిసి ముద్దగా రాలిపోయింది. మా ఆటలో వంతెన దాటే రూలు అందులోనే ఉంది. మొదటి రెండు మాటలు మిగిలాయి, అంతే.

ఆ ముద్దను వేళ్లతో విప్పి చూసి ఆయన అన్నాడు: "ఏందన్నా, కత్తెర చేతికొస్తే ఎనక ఏముందో సూడవా? మీ పేపరోళ్లకు ఇటుపక్కదే వార్తనా?"

నేను మిర్యాలగూడలో విలేకరిగా ఉన్నప్పుడు ఆయన అక్కడి బడిలో సోషల్ టీచరు. హైదరాబాద్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద ఆయనకొక ఇంగ్లిష్ పుస్తకం దొరికింది. బల్ల మీద సైన్యాలు నిలిపి, పాచికలు వేసి యుద్ధం ఆడే పద్ధతులు అందులో ఉన్నాయి. దాని ముద్రణ అప్పటికే ఆగిపోయింది. సైనికుల బొమ్మలు మాకెక్కడివి? చింతగింజలు ఆయన దండు, గురివింద గింజలు నాది. ఆయనకు కోదాడ బదిలీ అయినా, నేను సూర్యాపేటకు మారినా, సెలవు రోజున బస్సెక్కేవాణ్ణి.

పాచికలు వేశాక ఎవరు గెలిచారో చెప్పే ఫలితాల పట్టిక ప్రతి ఎత్తుకూ కావాలి. పేజీలు తిప్పడం విసుగై, ఒకరోజు దాన్ని పుస్తకంలోంచి కత్తిరించి పరీక్ష అట్టకు అంటించాను. అచ్చయిన నా వార్తలన్నీ ఏళ్ల తరబడి అలాగే కత్తిరించి ఫైల్లో అంటించుకున్నాను. వెనక ఏం పోయిందో ఏనాడూ చూడలేదు.

తర్వాత ఆయన మూత్రపిండాలు చెడిపోయాయి. డయాలసిస్‌కు సూర్యాపేట వచ్చేవాడు. ఓపిక ఉండగానే ఒక ఆట మన గడ్డ మీద ఆడదామన్నాడు. మూసీ వచ్చి కృష్ణలో కలిసే వాడపల్లిని అట్టపెట్టె మీద తనే గీశాడు. మూడో వారానికి ఆయన దండులో మిగిలినదంతా రెండు నదుల మధ్య మూలలో చిక్కుకుంది. శత్రువు ఆనుకుని ఉండగా వంతెన మీదుగా వెనక్కి పోవచ్చా? పోవచ్చంటే ఆయన బయటపడతాడు, లేదంటే ఆట నాది. పుస్తకంలోని పటాలన్నీ మైదానాలే కాబట్టి ఆ రూలు మాకెప్పుడూ అవసరపడలేదు. ఎప్పుడో ఒకసారి చదివాం. పోవచ్చని ఆయనకు గుర్తు, పోరాదని నాకు గుర్తు. పుస్తకం తీస్తే ఆ చోట కత్తెర చేసిన కిటికీ ఉంది. రూలు పట్టిక వెనకే ఉందని తెలిసి అట్టను నానబెట్టింది అప్పుడే.

"పోనీ, దాటు సారూ" అన్నాను.

"దయతోని దాటిస్తవా? వద్దు. రూలుంటే దాటుత, లేకుంటే గీడనే సస్త."

ఆయన భార్య చాయ్ పెడుతూ, "వాడపల్లి కాడ వంతెన మీద దినాం లారీలు పోతనే ఉంటయి. మీ చింతగింజలకే అడ్డమొచ్చిందా అన్నా?" అంది.

"లారీలకు ఎదురుంగ మీ అన్న గురివింద గింజలు లేవు గదనే" అన్నాడాయన.

ఇంకో ప్రతి కోసం ఆదివారాలు హైదరాబాద్‌లో ఆ ఫుట్‌పాత్‌లన్నీ తిరిగాను. పుస్తకం వేసిన సంస్థ మూతపడింది. ఫోన్లో ముఖచిత్రం దొరికింది, లోపలి పేజీలు లేవు. దవాఖానలో నన్ను చూడగానే ఆయన అడిగేది ఒకటే: "దొరికిందా?"

దొరికిందని, పోవచ్చని రాసి ఉందని అంటే నమ్మేవాడు. చూడనిదాన్ని చూశానని నేనెప్పుడూ పేపరుకు రాయలేదు. ఆయనతోనూ అనలేకపోయాను. అని ఉంటే ఏం పోయేదని ఇప్పుడు అనిపిస్తుంది.

వానలు మొదలైన వారంలో ఆయన పోయాడు. దినాలయ్యాక వెళితే ఆ అట్టపెట్టె బల్ల మీదే ఉంది. "ఆట కాలేదు గదన్నా, ఎట్ల తీయమంటవు?" అంది ఆమె.

వంతెనకు ఈవల పదకొండు చింతగింజలున్నాయి. వాటికి దారి ఉందో లేదో నాకు ఈరోజుకీ తెలియదు.