అత్తగారి కోసం వేసిన ఎర్రరంగు

నా ఫోన్‌లోని బైబిల్ యాప్‌లో మా అత్తగారికి సరిపోయే వచనాలన్నిటికీ ఎర్రరంగు వేసేదాన్ని. నోటి దురుసు, కోపం, పెత్తనం, ఏది కనిపించినా వదిలేదాన్ని కాదు. ఆవిడ కొత్త ఫోన్ కొనుక్కున్నప్పుడు తొందరలో నా లాగిన్‌తోనే ఆ యాప్ పెట్టిచ్చాను. నా రంగులు కూడా అందులోకి వెళ్తాయని తట్టలేదు.

ఆదివారం పటమట చర్చి నుంచి ఆటోలో వస్తుంటే ఆవిడ ఫోన్ చూపించారు.

"అమ్మాయ్, ఈ ఎర్రవన్నీ నువ్వు వేసుకున్నవేనా?"

"అవునత్తయ్యా" అన్నాను.

"నీ తప్పులు నువ్వే ఇంత ఓపిగ్గా ఏరుకుంటున్నావా! నీకు కోపమెక్కువని ఊరికే ఆడిపోసుకున్నాను తల్లీ."

ఇంటికి రాగానే ఆ రంగంతా చెరిపేద్దామని కూర్చున్నాను. ఒక్కొక్కటీ మళ్లీ చదివితే, చెరపదగ్గవి రెండే దొరికాయి.