వసుంధర మేడమ్ పెంచిన డేగలు

నిన్న మంగళగిరి బస్సులో నా పక్క సీటావిడ ఒళ్లో చిల్లులు పెట్టిన అట్టపెట్టె ఉంది. అందులోంచి కోడిపిల్లల కిచకిచలు. బస్సు కుదిపినప్పుడల్లా ఆ చప్పుడు ఆగిపోయి, మళ్లీ మెల్లగా మొదలయ్యేది. తవుడూ, లేత ఈకలూ కలిసిన ఆ వాసన తగలగానే నాకు వసుంధర మేడమ్ గుర్తొచ్చారు.

తొంభైల చివర్లో పశువైద్యురాలిగా నా మొదటి ఉద్యోగం ఉయ్యూరు అవతల ఓ పల్లెలో. అక్కడి ఆసుపత్రికి ఆవిడే పెద్ద డాక్టరు. భవానీపురం నుంచి పొద్దున్నే బస్సు పట్టుకుని వచ్చేవారు. భుజాన ఐసుముక్కలు నింపిన ఫ్లాస్కు, అందులో కోళ్ల టీకామందు. గేదెల వైద్యానికి ఉన్న గౌరవం కోళ్ల వైద్యానికి లేని రోజులవి. ఆవిడకి మాత్రం కోడంటే ముచ్చట. "ఇవన్నీ అడవికోడి సంతతేనమ్మాయ్. ఫారాల్లో గుడ్లు పెట్టే తెల్ల లెగ్‌హార్న్ కూడా అంతే. మనిషి దీన్ని మొదట మచ్చిక చేసుకున్నది కూర కోసం కాదు, కూత కోసమో పోట్లాట కోసమో అంటారు కొందరు. గుడ్లకో జాతి, మాంసానికో జాతి అని విడదీయడం ఆ తర్వాతి సంగతి," అంటూ నడిచినంతసేపూ చెప్పేవారు.

ఆ ఊళ్లో మస్తాన్ గారని ఒకాయన, తండ్రి నాటి నుంచి వస్తున్న అసిల్ జాతి పందెం కోళ్లు పెంచేవారు. పొడుగు కాళ్లు, గట్టి మెడ, ఎర్రటి ఈకలు. ఆ రంగు పుంజుని మా వైపు డేగ అంటారు. పందేలకి ఇవ్వడం ఆయన ఎప్పుడో మానేశారు. నాన్న చేతి జాతి కళ్లెదుట తిరుగుతుంటే చాలనేవారు. పక్క ఊళ్లో కొక్కెర తెగులు మొదలైందని తెలిసి మేమిద్దరం ఆయన పెరట్లోకి వెళ్లాం.

"సూది వద్దండీ డాక్టరమ్మ గారూ. పోయినేడు ఎవరో వచ్చి పొడిచి వెళ్తే పెట్టలు గుడ్లు మానేసినయ్," అన్నారాయన.

"తెగులొస్తే ఒక్కటీ మిగలదండీ," అన్నాను నేను గట్టిగా. మేడమ్ నా చెయ్యి నొక్కి ఆపారు. ఆయన భార్య రహిమాబీ ఇచ్చిన టీ తాగుతూ ఆ కోళ్ల ముచ్చట్లన్నీ తీరిగ్గా అడిగారు. లేవబోతూ, "మస్తాన్ గారూ, మా ఇంట్లో నాటుపెట్ట పొదుగుకొచ్చింది. మీ డేగ గుడ్లు కొన్ని ఇస్తారా?" అన్నారు.

"టీకా వద్దన్నానని కోపం లేదాండీ?"

"మీ కోళ్లు, మీ ఇష్టం. అవి చల్లగా ఉంటే చాలు."

ఆయన నవ్వి, గుడ్లు ఏరి, తవుడులో సర్ది ఇచ్చారు.

ఆ గుడ్లు పిల్లలయ్యాయి. మేడమ్ వాటి కళ్లలో టీకా చుక్కలు వేశారు. వాటికి ఈకలు వచ్చేసరికి తెగులు మస్తాన్ గారి ఊరు చేరింది. మేం వెళ్లేసరికి పెరట్లో మెడలు మెలితిరిగిన కోళ్లు. రహిమాబీ గడపలో కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. మస్తాన్ గారు గూటి తలుపు ఊడబెరుకుతున్నారు.

"నాన్న ఇచ్చింది నా చేతుల్లో అయిపోయిందమ్మా," అన్నారు.

ముందే చెప్పాం కదా అన్న మాట మేడమ్ నోట రాలేదు. "గూడు పడగొట్టకండి. సున్నం చల్లి కొన్నాళ్లు ఖాళీగా ఉంచండి," అన్నారు.

"ఇంకెందుకండీ గూడు?"

"మీ డేగలు మా పెరట్లో పెరుగుతున్నాయిగా. అవి రావద్దూ?"

ఆయన అక్కడే కూలబడిపోయి వలవలా ఏడ్చారు.

వానలు వెనకబట్టాక గంపలో వాటిని తీసుకెళ్లాం. మస్తాన్ గారు ఓ పుంజుని చంకన పెట్టుకుని చాలాసేపు మెడ నిమురుతూ ఉండిపోయారు. తర్వాత దాని రెక్క చాపి నా వైపు తిప్పి, "పెద్దయ్యాక వెయ్యాల్సిన సూది ఉందటగా, మీరే వెయ్యండమ్మా," అన్నారు. ఆ ఏడు మేం టీకాలకి ఏ వీధికి వెళ్లినా, మాకంటే ముందు ఆయనే తలుపు తట్టేవారు.

మేడమ్ ఇప్పుడు లేరు. ఈమధ్య గుణదలలో డాబా మీద కోళ్లు పెంచే ఒకాయన, టీకా అక్కర్లేదంటూ నన్ను గేటు దగ్గరే ఆపేశాడు. సరేనండీ అని, డాబా అంచున నిలబడి కూస్తున్న పుంజుని చూపించి, అది ఏ ఊరి జాతని అడిగాను. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చెప్తూ చెప్తూనే గేటు తీసి, నాకు కుర్చీ వేశాడు.